మా షెడ్డులో బయలుదేరిన పడవ

మా తమ్ముడు బ్యాండు పెట్టాడన్న వార్త నాకు మొట్టమొదట తెచ్చింది మా పక్కింటి పిన్ని. చేపల గంప నెత్తి మీద నుంచి దించకుండానే, గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఒలే, నీ తమ్ముడికి ఏటో అయిపోనాదే. మీ నాన్న వలల షెడ్డులో తలుపేసుకుని నలుగురు కూకున్నారు. ఒకడు ఇనప రేకులు బాదుతున్నాడు. ఇంకొకడు, నా తల్లే, పులి గాండ్రించినట్టు గాండ్రిస్తన్నాడు. ఈ దీవుల్లో పులి ఎక్కడిదే?"

నేను అప్పుడే దీపం వెలిగించి కూర్చున్నాను. దణ్ణం పూర్తి చేసి గానీ లేవలేదు. దేవుడి దగ్గర మొదలుపెట్టింది సగంలో వదలకూడదని మా నాన్న నేర్పిన అలవాటు. ఈ జ్ఞాపకంలో సగంలో వదిలేయడం గురించే చాలా వస్తుంది కాబట్టి ముందే చెప్పి ఉంచుతున్నాను.

మా ఇల్లు హోప్ టౌన్‌లో. ఎదురుగా హార్బరు, దాని అవతల పోర్ట్‌బ్లెయిర్. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వలలతో వచ్చాడు. నాన్న ఆ వలలు బాగుచేస్తూ ఇక్కడే పుట్టి పెరిగి ఇక్కడే పోయాడు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. ఫెర్రీ ఎక్కి బడికి పోయి వచ్చేసరికి మంచం పట్టేదాన్ని. అందుకని నాన్న నన్ను షెడ్డులోనే కూర్చోబెట్టుకుని, వల అల్లే సూదితో ఇసుకలో అక్షరాలు గీసి చూపించేవాడు. నేనివాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆ ఉబ్బసం చలవే. దానికి కూడా నేను దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. మా తమ్ముడు బడికి వెళ్ళి హిందీలో చక్కగా చదువుకున్నాడు, అవతలి ఒడ్డున డెలానీపూర్‌లో ఆఫీసు ఉద్యోగం తెచ్చుకున్నాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ, గుడి గోడ మీద తెలుగులో రాసిన పేర్లు చదవమంటే నా వైపు చూస్తాడు.

ఆ సాయంత్రం వాణ్ణి అడిగాను.

"ఏం బ్యాండురా అది?"

"మామూలు బ్యాండు కాదక్కా. ప్రోగ్రెసివ్ మెటల్."

"అంటే?"

"అంటే పాట బాగా పెద్దగా ఉంటాది. మధ్యలో లెక్క మారిపోతాది. ఏడు దెబ్బలు, తరవాత ఐదు, మళ్ళీ ఏడు. ఇనేవాడికి ఎక్కడ మారిందో తెలీకూడదు."

"వాయించేవాడికి తెలుస్తుందా?"

"అదే ప్రాక్టీస్ చేస్తన్నాం."

పిన్ని చెప్పిన ఇనప రేకుల మనిషి కరెంటు ఆఫీసులో లైన్‌మన్. బుర్రమీసాలు, భారీ విగ్రహం. ఏ తరంలోనో ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన హిందీ కుటుంబం వాళ్ళది. మా ఇంటి వైరు బాగుచేయడానికి వచ్చి, షెడ్డులోంచి వినబడుతున్న గిటారు విని, స్తంభం దిగి నేరుగా లోపలికి వెళ్ళాడట. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. షెడ్డు గోడకు నాన్న పెట్టిన గంగమ్మ పటం ఉండేది కాబట్టి, కాళ్ళు కడుక్కుని గానీ డ్రమ్ముల ముందు కూర్చునేవాడు కాదు. నన్ను దీదీ అనేవాడు, నేను భయ్యా అనేదాన్ని.

పులి అనుకున్న మనిషిని చూసి మాత్రం ఆశ్చర్యపోయాను. ఆయన జెట్టీలో ఫెర్రీ వేళలు మైకులో చెప్పే అనౌన్సరు. ఇంత సన్నగా, తల వంచుకుని, మంచినీళ్ళు ఇచ్చినా "శుక్రియా దీదీ" అని వినీ వినబడకుండా అనే మనిషి. ఆ గొంతులోంచి ఆ శబ్దం ఎలా వస్తుందో దేవుడికే తెలియాలి. ఆదివారం గట్టిగా పాడితే సోమవారం గొంతు బొంగురుపోయేది. ఒక సోమవారం ఉదయం "ప్రయాణికులు వరుసలో రావలెను" అన్న ప్రకటన ఎలా వినిపించిందో గానీ, జనం వరుస కాదు కదా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మరీ ఫెర్రీ ఎక్కారని తమ్ముడు చెప్పి నవ్వాడు. నాలుగోవాడు నికోబార్ అబ్బాయి. బేస్ గిటారు వాడిది. చర్చిలో పాడతాడు.

ఆ నలుగురికీ ఉన్నది ఒకటే పాట. అది ఒక పడవ పాట. తెల్లవారకముందు పడవ ఒడ్డు వదులుతుంది. నడిసముద్రంలో గాలివాన వస్తుంది, అనౌన్సరు గాండ్రింపు అక్కడే. ఆ తర్వాత గాలి తగ్గుతుంది, చివరికి పడవ ఒడ్డుకు వస్తుంది. మాటలు నేనే రాసిచ్చాను. నేను చదివి వినిపిస్తే, తమ్ముడు వాటిని హిందీ అక్షరాల్లో రాసుకుని అనౌన్సరుకి ఇచ్చాడు. గాండ్రింపులో ఒక్క మాటా తెలియదు. అయినా నా మాటలు ఒకరి గొంతులోకి వెళ్ళాయి కదా, అదే పదివేలు అనుకున్నాను.

చిక్కేమిటంటే, ఆ పాట పూర్తి కాదు. భోజనాలయ్యాక మొదలుపెడతారు, తప్పులు దిద్దుకుంటూ పడవ నడిసముద్రానికి చేరేసరికి అవతలి ఒడ్డు వాళ్ళకు ఫెర్రీ వేళవుతుంది. వాయిద్యాలు అక్కడే పెట్టి జెట్టీకి పరుగు. అనౌన్సరు అందరికంటే ముందు పరుగు, ఎందుకంటే ఆ ఫెర్రీ బయలుదేరుతోందని చెప్పవలసింది ఆయనే.

ఇది పిన్నికి నచ్చలేదు. గోల గురించి కాదు. గోలకి రెండు వారాల్లోనే అలవాటు పడింది. పాట దేని గురించో నా దగ్గర విన్నాక ఒక ఆదివారం షెడ్డు ముందు నిలబడి అందరినీ నిలదీసింది.

"ఏటర్రా, పడవని నడిసంద్రంలో ఒగ్గీసి టీ తాగి ఎలిపోతారా?"

"పిన్నీ, అది పాట," అన్నాడు తమ్ముడు.

"పాటైతే? పడవ పడవే కదా. మా ఇంటాయన నిజంగా సంద్రం మీదున్నాడు. మా వోళ్ళు నోటితో కూడా పడవని మధ్యలో ఒగ్గరు. తెచ్చి గట్టున పెట్టండి, అప్పుడు ఎక్కడికైనా పొండి."

మా వాళ్ళలో ఇది నిజమే. పడవ మీద మనిషి ఉండగా ఇంట్లో వల మీద ఆఖరి ముడి వేయకుండా లేవరు, పడవ కథ మొదలుపెడితే పడవను ఒడ్డుకు చేర్చి గానీ నిద్రపోరు. తమ్ముడు నవ్వేశాడు. లైన్‌మన్ భయ్యా నవ్వలేదు. తమ్ముడు హిందీలో చెప్పింది విని, పిన్ని వైపు తిరిగి రెండు చేతులూ జోడించి, "మౌసీ, లాయేంగే. కినారే తక్ లాయేంగే," అన్నాడు. ఒడ్డుదాకా తెస్తామని. ఆ రోజే మా వంటింట్లో అన్నం తింటూ, కంచం అంచు మీద వేళ్ళతో కొట్టి, పడవ ఒడ్డుకు చేరే ఆఖరి ముక్క కట్టాడు. తమ్ముడు, నేను విన్నాం. అంత గోల పాటకి అంత నెమ్మది ముగింపు. ఏడూ ఐదూ ఏమీ లేవు. ఒక్కొక్క దెబ్బ, మధ్యలో ఊపిరి పీల్చుకునేంత ఖాళీ.

అప్పటి నుంచి పిన్ని ఆదివారాలు షెడ్డు బయట గంప బోర్లించుకుని కూర్చునేది. బాబాయి వేటకి వెళ్ళి ఆలస్యమైతే నేరుగా మా ఇంటికే వచ్చేది. "ఇయ్యాల ఎంతవరకూ వచ్చిందే మీవోళ్ళ పడవ?"

"గాలివాన దాటింది పిన్నీ."

"పోన్లే, కొంత నయం."

ఆ షెడ్డు గోల నా పూజ వేళకీ అడ్డం పడేది. దాన్ని ఆపలేను కాబట్టి జపంలో కలిపేసుకున్నాను. ఏడు దెబ్బల ముక్క వచ్చినప్పుడు రామ, కృష్ణ, గోవింద అనుకునేదాన్ని. సరిగ్గా సరిపోయేది. ఐదు వచ్చినప్పుడు కృష్ణుడు కాసేపు పక్కకు తప్పుకుంటాడు, రామ, గోవింద. టీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నా పెదవులు కదలడం నికోబార్ అబ్బాయి చూసి అడిగాడు, చెప్పాను. మరుసటి వారం నలుగురూ అలాగే లెక్కపెడుతున్నారు. క్రీస్తుని కొలిచే పిల్లవాడు గోవిందా అంటూ బేస్ వాయించడం, పక్కన అనౌన్సరు గాండ్రించడం, ఇదంతా గంగమ్మ పటం ముందు. అమ్మవారు ఏమనుకుందో తెలియదు గానీ, పటం మాత్రం ఒక్కసారి కూడా కింద పడలేదు.

అలా ఉండగా లైన్‌మన్ భయ్యాకి ఉత్తరాన ఎక్కడో ఉన్న మాయాబందర్‌కి బదిలీ అయింది. ఆఖరి ఆదివారం పెందలాడే మొదలుపెట్టి పాట మొత్తం వాయించేద్దామని నిశ్చయించుకున్నారు. పిన్ని అమ్మకం మానుకుని మరీ వచ్చింది. పడవ బయలుదేరింది, గాలివానలోకి వెళ్ళింది, సరిగ్గా అప్పుడు ఊరంతా కరెంటు పోయింది. బాగుచేయవలసిన మనిషి డ్రమ్ముల ముందు కూర్చుని ఉన్నాడు.

కర్రలు కింద పెట్టి, బయటికి వెళ్ళి, స్తంభం ఎక్కాడు. ఏ వైరు తెగిందో దొరికి, కరెంటు వచ్చేసరికి ఫెర్రీ వేళ. జెట్టీ దాకా నేనూ వెళ్ళాను. ఎక్కే ముందు నాతో అన్నాడు.

"దీదీ, ఉస్ కో కినారే తక్ పహుంచా దేనా. జిస్ దిన్ పూరా బజే, ముఝే ఫోన్ కర్ దేనా. సునూంగా."

పడవని ఒడ్డుకు చేర్చండి, పూర్తిగా వాయించిన రోజు ఫోన్ చేయండి, వింటాను అని. సరేనన్నాను. నా వరకు అది మొక్కుతో సమానం. తమ్ముడికీ అంతే అయింది.

ఆ తర్వాత మా షెడ్డు జెట్టీలా తయారైంది. వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. పెళ్ళి ఊరేగింపుల్లో డ్రమ్ము వాయించే ఆయన కొన్నాళ్ళు వచ్చాడు. మంచి మనిషి, కానీ ఏడు దగ్గర ఆగలేడు. "ఎనిమిదైతే నిండుగా ఉంటాది కదా తమ్ముడూ," అని ప్రేమగా ఒక దెబ్బ కలిపేవాడు. పడవ ఒడ్డు వదలడానికే నానా తంటాలు పడింది. ఆయన మానేశాక ఓడలో పనిచేసే సీమన్ ఒకడు దొరికాడు. అద్భుతంగా వాయిస్తాడని తమ్ముడు సంబరపడ్డాడు. కానీ ఓడ రేవులో ఉన్నప్పుడే వాడు మనవాడు. సగం పాట నేర్చుకున్నాడు, ఓడ కదిలింది. ఈలోగా నికోబార్ అబ్బాయి క్రిస్మస్‌కని ఇంటికి వెళ్ళి ఈస్టర్ దాకా రాలేదు. వాడి బదులు వచ్చినవాడి గిటారు తీగ తెగితే కొత్త తీగ మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడలో రావాలి. తీగ వచ్చేసరికి వాడికి పెళ్ళయింది. భార్య ఒక ఆదివారం వచ్చి, షెడ్డు గుమ్మంలో నిలబడి పాట విని, భర్తని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయింది. ఆ అమ్మాయి వెళ్ళేటప్పుడు నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది. పద్ధతి గల పిల్ల.

వచ్చినవాళ్ళందరూ మా ఇంట్లో అన్నం తిన్నారు. అంతమందికి వడ్డించే అదృష్టం ఇంకో రకంగా నాకు వచ్చేది కాదు. కానీ పడవ మాత్రం అక్కడే, నడిసముద్రంలోనే. తమ్ముడు ఒక్కడే షెడ్డులో కూర్చుని గిటారు మీటుకున్న ఆదివారాలు చూశాను. ఒకరోజు, "అక్కా, డ్రమ్ములు ఎవరికైనా ఇచ్చేద్దాం. వలలైనా పెట్టుకోవచ్చు," అన్నాడు.

"ఇచ్చేస్తే నేనూరుకోను. పడవ రానీ," అంది పిన్ని బయట గంప మీద నుంచి.

ఆ ఏడాది గంగమ్మ పండగలో ఘటం ఎత్తే మొక్కు పిన్నిది. బాబాయి గాలివానలో చిక్కుకుని క్షేమంగా తిరిగొచ్చాడు, అందుకని. మా ఊళ్ళో ఆచారం ఏమిటంటే, పసుపు పూసి వేపాకు కట్టిన ఘటం నెత్తికెత్తుకున్నాక సముద్రపు నీళ్ళు తగిలేదాకా దించకూడదు, డప్పు ఆగకూడదు. డప్పు ఆగితే అమ్మవారి నడక ఆగినట్టు. డప్పుల వాళ్ళు ప్రతి ఏడూ మాయాబందర్ నుంచి వస్తారు. ఆ ఏడు పండగ ముందు రోజు నుంచి ఒకటే గాలి. ఓడలు బంద్. రోడ్డు మీద వచ్చే బస్సులను దాటించే వెహికల్ ఫెర్రీ కూడా బంద్. డప్పులు అక్కడ, ఘటం ఇక్కడ.

పెద్దలు గుడి ముందు తలలు పట్టుకు కూర్చున్నారు. ఫోన్‌లో డప్పు పాటలు పెడదామన్నాడొకడు.

"అమ్మోరు నీ ఫోన్ ఎనకాల నడుస్తాదేటి?" అని పిన్ని కసిరింది. అంతలో ఏదో తట్టినట్టు మా షెడ్డు వైపు చూసింది. "మనోళ్ళు నేరా?"

ఒక పెద్దాయన, "ఆ పులి కూడానా?" అని అడిగాడు.

నేను దేవుడి లీల అనే మాట ఊరికే వాడను. కానీ ఇది చూడండి. ఏ గాలి డప్పుల వాళ్ళను ఆపేసిందో, ఆ గాలే మళ్ళీ రేవుకొచ్చిన ఓడను ఆపి సీమన్‌ని ఒడ్డున ఉంచింది. ఆ గాలే ఫెర్రీలు ఆపి అనౌన్సరుకి చెప్పడానికి ఏమీ లేకుండా చేసింది. నికోబార్ వెళ్ళవలసిన బేస్ అబ్బాయి ఓడ రద్దయి మా ఇంట్లోనే అన్నం తింటున్నాడు. ఎన్నాళ్ళ తర్వాతో నలుగురూ ఒకచోట ఉన్నారు. లేనిది లైన్‌మన్ భయ్యా ఒక్కడే. గాలి వీస్తే ఈ దీవుల్లో అందరికీ సెలవు, ఆయనకే పని.

తమ్ముడు వెంటనే ఫోన్ చేశాడు. "భయ్యా, ఆజ్ పూరా బజేగా!" ఇవాళ పూర్తిగా వాయిస్తామని.

అవతల గాలి హోరు. "మై ఖంభే పే హూఁ," అన్నాడు. స్తంభం మీద ఉన్నాడట. "కాటో మత్. చాలూ రఖ్." ఫోన్ కట్టేయొద్దని. తమ్ముడు ఆ ఫోన్ నాకిచ్చాడు, నేను కొంగుకి కట్టుకుని, చేతిలో భజన తాళాలు పట్టుకున్నాను.

చేపల వ్యాను మీద ఐసు పెట్టెలు దించి డ్రమ్ములు ఎక్కించారు. జనరేటరు, స్పీకర్లు, మనుషులు. ఘటం లేచింది. పిన్ని, "ఒలే, మొదలెట్టమను," అంది. వాళ్ళ నలుగురికీ కలిపి తెలిసిన పాట ఒక్కటే కాబట్టి, పడవ బయలుదేరింది.

మొదటి సందు దాటకుండానే అందరి కాళ్ళూ చిక్కుపడ్డాయి. డప్పుకి నడిచిన కాళ్ళు ఏడుకి ఎలా నడుస్తాయి? కుడికాలు వేయవలసిన చోట ఎడమకాలు వస్తోంది. నెత్తిన ఘటంతో పిన్ని ఒకసారి తూలింది. పక్కనే నడుస్తూ తాళం వేసి గట్టిగా అందుకున్నాను. "రామ, కృష్ణ, గోవింద!" ఆదివారాలన్నీ గంప మీద కూర్చుని విన్న మనిషి కదా, పిన్ని ఠక్కున అందుకుంది. ఆమె వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు. ఐదు వచ్చినప్పుడు, "కిట్టుణ్ణి ఒగ్గీయండర్రా!" అని పిన్నే కేకేసి చెప్పింది. ఊరు ఊరంతా కృష్ణుణ్ణి వదిలేసి నడిచింది. ఏడు రాగానే మళ్ళీ పిలుచుకుంది.

మలుపు దగ్గర గాలివాన ముక్క వచ్చింది. అనౌన్సరు గాండ్రించాడు. ఆయన గురించి తెలియని ఆడవాళ్ళు, అమ్మవారు ఒంటి మీదికి వచ్చిందనుకుని వ్యాను చుట్టూ మూగారు. ఒకామె ఆయన ముఖానికి పసుపు పూసింది, ఇంకొకామె వేపమండలు చేతిలో పెట్టి, "తల్లీ, ఈ గాలి ఎప్పుడు తగ్గుతాదో సెప్పు తల్లీ!" అని అడిగింది.

పాపం, ఆయన నోటికి అలవాటైనదే వచ్చింది. అదే గాండ్రింపుతో, "మౌసమ్ ఠీక్ హోతే హీ సూచిత్ కియా జాయేగా!" అన్నాడు. వాతావరణం అనుకూలించగానే తెలియజేస్తాం అని. ఆడవాళ్ళు తృప్తిగా దణ్ణాలు పెట్టుకున్నారు. మరుసటి రోజు మధ్యాహ్నానికి గాలి తగ్గింది, ఆ కబురు మైకులో చెప్పిందీ ఆయనే. ఇప్పటికీ కొందరు టికెట్టు కౌంటరు దగ్గర ఆయనకు ఒక దణ్ణం పెట్టి వెళతారు.

ఒడ్డు కనబడింది. అప్పుడు తమ్ముడు నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. ఆఖరి ముక్క సీమన్‌కి రాదు. వాడు ఎప్పుడూ అంత దూరం రాలేదు. డ్రమ్ము ఆగితే ఘటం ఆగుతుంది. వ్యాను మీద తమ్ముడు వాడికేదో అరిచి చెబుతున్నాడు, వాడికి వినబడడం లేదు.

గాలికి భయపడి మా మత్స్యకారులు ఆ వేళకే పడవను ఇసుక మీదికి లాగుతున్నారు. బాబాయి ముందు తాడు పట్టుకుని ఒక్కొక్క కేక వేస్తున్నాడు. కేక, లాగుడు, ఊపిరి. కేక, లాగుడు, ఊపిరి. నాకు మా వంటింటి కంచం చప్పుడు గుర్తొచ్చింది. లైన్‌మన్ భయ్యా మా ఒడ్డున కూర్చుని ఎన్నిసార్లు ఆ లాగుడు చూశాడో! నేను తాళం దానికి కలిపాను. సీమన్ నా చేతుల వైపు చూశాడు, పడవ వైపు చూశాడు, కర్ర దించాడు. ఒక్క దెబ్బ. ఊపిరి. ఇంకొక దెబ్బ. తమ్ముడి గిటారు వచ్చి ఆ మధ్యలో ఒదిగింది. పిన్ని మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది, పెద్ద అల ఎగసి వచ్చి నెత్తి మీది ఘటాన్ని తాకింది, వెనక బాబాయి వాళ్ళ పడవ ఇసుక మీద కుదురుకుంది. పాట అయిపోయింది.

పిన్ని తడిబట్టలతో వ్యాను దగ్గరికి వచ్చి తమ్ముడి చెవి పట్టుకుంది. "ఇన్నాళ్ళు పట్టిందేట్రా గట్టుకి రాడానికి?" అని ఏడ్చింది. వాడూ ఏడ్చాడు. వ్యాను డ్రైవరు ఐసు పెట్టెల గురించి అడుగుతూనే ఉన్నాడు.

కొంగు ముడి విప్పి చూస్తే ఫోన్ కట్టయిపోయి ఉంది. గాలివానకి సిగ్నలు ఎప్పుడో పోయింది. రికార్డు చేద్దామనుకున్న ఫోన్ కూడా అదే. వాయించినట్టు ఊరందరి మాట తప్ప ఇంకో రుజువు లేదు.

రెండో రోజున సిగ్నలు వచ్చాక ఆయనే చేశాడు. "దీదీ, నావ్ ఆయీ క్యా?"

"వచ్చింది భయ్యా. నువ్వు కట్టినట్టే వచ్చింది."

"మైనే తూఫాన్ తక్ సునా," అన్నాడు. గాలివాన దాకే విన్నాడట. నవ్వి, "కోయీ బాత్ నహీ. మౌసీ కో బోల్నా, ప్రణామ్," అన్నాడు. ఫరవాలేదు, పిన్నికి దణ్ణాలు చెప్పమని. వెనక ఎవరో పిలుస్తున్నారు, ఇంకో స్తంభం ఉందని. వెళ్ళిపోయాడు.

సీమన్ ఓడ కదిలింది. బేస్ అబ్బాయి ఇంటికి చేరాడు. కొత్త డ్రమ్మరు కోసం తమ్ముడు మళ్ళీ వెతుకుతున్నాడు. ఈసారి మాయాబందర్ వెళ్ళి వాయించాలని వాడి పట్టుదల. ఎప్పుడు కుదురుతుందో భగవంతుడు చూసుకుంటాడు. పిన్ని మాత్రం, "మనకి వచ్చీసింది గానీ, ఆ బాబుకి పడవ ఇంకా సంద్రంలోనే ఉందే," అని గంప దించినప్పుడల్లా గుర్తు చేస్తుంది.

అందుకని ఇది చదివిన మిమ్మల్ని ఒక్కటి అడుగుతున్నాను. మీ ఇంట్లో గాలివానకి కరెంటు పోయి, మళ్ళీ వచ్చి, అందరూ హమ్మయ్య అనుకున్నప్పుడు, ఆ మాట పక్కనే మా లైన్‌మన్ భయ్యాని ఒక్కసారి తలుచుకోండి. బుర్రమీసాలు, కడుక్కున్న కాళ్ళు. ఆయన పడవ ఒడ్డుకు చేరాలని నాతో పాటు మీరూ ఒక దణ్ణం పెట్టుకోండి.